చలికాలం, నిద్ర లేని రాత్రులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చలికాలపు రాత్రుల చుట్టూనే తిరిగాయి. నిద్ర, అల్లిక, నక్షత్రాలు, దూరమైన స్నేహాలు, రాజకీయాలతో చెడుతున్న స్నేహాలు. వేర్వేరుగా వచ్చిన ప్రశ్నలే అయినా ఒక జవాబు మరొకదానికి పనికొస్తుందని అన్నిటినీ ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న: రాత్రి 10కే పడుకుంటాను. నిద్ర పట్టేసరికి 12 అవుతుంది. 3కి మెలకువ వస్తే మళ్లీ గంటసేపు కునుకు రాదు. చలి కదా అని 7 దాకా పక్క మీదే ఉంటాను. ఐదారు నెలలుగా ఇదే వరస. మాత్రలు వేసుకోవడం ఇష్టం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు పక్క మీద ఉంటున్నది 9 గంటలు, నిద్రపోతున్నది 6. అంటే పడుకున్న సమయంలో 67 శాతమే నిద్ర. చాలామంది ఈ స్థితిలో ఇంకాస్త ముందుగా పడుకుంటారు, ఇంకాస్త ఆలస్యంగా లేస్తారు. సమస్య ముదిరేది సరిగ్గా అక్కడే.

నిద్రను రెండు శక్తులు నడుపుతాయని 1982లో నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించాడు. ఒకటి, మెలకువగా ఉన్న కొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి. మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. రెండోది, వెలుతురును బట్టి నడిచే లోపలి గడియారం. మీరు 7 దాకా పడుకుంటే ఆ రాత్రి 10 గంటలకు ఒత్తిడి చాలినంత ఉండదు. చలికాలంలో పొద్దున వెలుతురు ఆలస్యంగా కళ్లకు చేరుతుంది కాబట్టి గడియారం కూడా ఆలస్యంగా నడుస్తుంది. అందుకే రాత్రిని సరిచేయాలంటే పొద్దున లేచే వేళ నుంచి మొదలుపెట్టాలి.

1987లో నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ బృందం ప్రచురించిన పద్ధతి మీకు సరిపోతుంది. ముందు ఒక వారం పాటు పొద్దున లేవగానే ఎప్పుడు పడుకున్నారో, సుమారుగా ఎంతసేపు నిద్రపోయారో రాసుకోండి. సగటు 6 గంటలే వస్తే, పక్క మీద ఉండే సమయాన్నీ 6 గంటలకు కుదించండి. లేచే వేళ ఉదయం 6 అనుకుంటే, పడుకునేది అర్ధరాత్రి 12కి. సెలవు రోజైనా లేచే వేళ మారకూడదు. వారం తర్వాత లెక్క చూడండి. పడుకున్న సమయంలో 85 శాతానికి పైగా నిద్ర వస్తుంటే 15 నిమిషాలు ముందుగా, అంటే 11:45కి, పడుకోండి. 80 నుంచి 85 మధ్య ఉంటే అలాగే ఉంచండి. 80 కన్నా తక్కువైతే మరో 15 నిమిషాలు కోయండి. ఎంత కోసినా ఐదున్నర గంటల కన్నా తగ్గించవద్దు. ఇలా వారానికోసారి మాత్రమే మార్చాలి. ఒక్క మంచి రాత్రిని చూసి గంట పెంచేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఈ పద్ధతి పాడయ్యేది ఎక్కువగా ఇలాగే.

దీనికి జోడీగా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన నియమం ఒకటుంది. సుమారు 20 నిమిషాలు గడిచినా నిద్ర రాలేదనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లండి. గడియారం చూడకండి, అందాజు చాలు. మసక వెలుతురులో తొందర లేని పని ఏదైనా చేయండి. రెప్పలు బరువెక్కాకే తిరిగి రండి. పక్క మీద గంటలకొద్దీ దొర్లుతుంటే, పక్క అంటే మెలకువగా ఉండే చోటని మెదడు అలవాటు పడుతుంది. ఆ అలవాటు వదలడానికే ఈ లేవడం. చలికి దుప్పటి వదలబుద్ధి కాదు, నిజమే. శాలువా, మేజోళ్లు, ఒక చిన్న దీపం ముందే ఆ గదిలో సిద్ధంగా పెట్టుకోండి. ఈ ఏర్పాటు లేకే చాలామంది మూడో రాత్రికి మానేస్తారు.

3 గంటల మెలకువ గురించి భయపడకండి. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే అయిపోతుంది. తర్వాతి నిద్ర పలుచన, మధ్యలో మెలకువలు అందరికీ వస్తాయి. మెలకువ రావడం కన్నా, వచ్చాక "రేపు ఎలా గడుస్తుందో" అని లెక్కలు వేయడమే ఎక్కువ నిద్ర తింటుంది.

మొదటి రెండు వారాలు పగలు మత్తుగా ఉంటుంది. ఆ రోజుల్లో దూర ప్రయాణాలకు బండి నడపకండి. మూర్ఛ, బైపోలార్ జబ్బు, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవారు, గురక మధ్యలో ఊపిరి ఆగేవారు, భారీ వాహనాలు నడిపేవారు, ఎత్తుల మీద పనిచేసేవారు డాక్టర్ని అడగకుండా ఈ పద్ధతి మొదలుపెట్టకూడదు. వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలలుగా ఇబ్బంది ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమిగానే లెక్కిస్తారు. మీరు ఆ గీత దాటారు. ఈ రెండు నియమాలూ ఉన్న చికిత్సనే పెద్దల నిద్రలేమికి మాత్రల కన్నా ముందు వాడాలని అమెరికా వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. డాక్టర్ దగ్గరికి వెళ్తే "మందులు లేని నిద్ర చికిత్స కావాలి" అని ఆ మాటే అడగండి.

ప్రశ్న: సాయంత్రం 4కి ఒక్క కాఫీ తాగితే రాత్రి నిద్ర చెడుతుందా? వేడినీళ్ల స్నానం మంచిదేనా?

జవాబు: ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. 4కి 100 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే 9కి 50, తెల్లవారుజామున 2కి 25 మిగులుతాయి. గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఇంకా ఆలస్యం. నిద్ర చెడినవారు మధ్యాహ్న భోజనం తర్వాత కాఫీ మానేయడమే మంచిది. ఇక స్నానం మేలే, కానీ పడుకోబోయే ముందు కాదు. గంట, రెండు గంటల ముందు, 40 నుంచి 42 డిగ్రీల నీటితో 10 నిమిషాలు చాలు. చర్మానికి రక్తం చేరి లోపలి వేడి బయటికి పోతుంది, ఒంటి లోపలి ఉష్ణోగ్రత తగ్గుతూ ఉంటే నిద్ర తేలిగ్గా వస్తుంది. పడుకునే నిమిషంలో చేస్తే ఆ తగ్గుదలకు వ్యవధి ఉండదు.

ప్రశ్న: ఈ చలికాలం ఊలు అల్లిక నేర్చుకుంటున్నాను. మఫ్లర్ మొదలుపెట్టాను. 30 కుట్లతో మొదలైంది, రెండు జానలు పోయేసరికి 37 అయ్యాయి. అంచులు వంకరపోయాయి. ఎక్కడ తప్పు?

జవాబు: కుట్లు వాటంతట అవి పెరగవు, మూడు చోట్ల పెరుగుతాయి. మొదటిది, వరుస మొదట్లో. సూది తిప్పాక దారం సూది మీదుగా వెనక్కి పడితే మొదటి కుట్టు కిందినుంచి పైకి లాగబడి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి. రెండింటినీ అల్లితే ఒకటి పెరిగినట్టే. వరుస మొదలుపెట్టేముందు దారం కిందికి, ముందువైపు వేలాడుతోందా అని చూసుకుంటే ఇది ఆగుతుంది. రెండోది, మధ్యలో అల్లిక కింద పెట్టి మళ్లీ తీసినప్పుడు దారం సూదికి ఒక చుట్టు చుట్టుకుని ఉండటం. అల్లికలో ఆ చోట చిన్న రంధ్రం కనబడుతుంది. అందుకే వరుస మధ్యలో ఆపకండి. మూడోది, సూది మొన దారం పోగుల మధ్యలోకి దిగి ఒక కుట్టు రెండుగా చీలడం. మొన మరీ పదునుగా ఉండి, దారం పురి వదులుగా ఉంటే ఇది ఎక్కువ.

ప్రతి 4 వరుసలకు ఒకసారి లెక్కపెట్టండి. అల్లినదాన్ని 30కి తెచ్చే దారి రెండేసి కుట్లు కలిపి తగ్గించడం, కానీ వెడల్పు మారిన ముక్క మఫ్లర్ మధ్యలో కనబడుతూనే ఉంటుంది. మా సలహా, విప్పేయండి. ఊలు పాడవదు.

మళ్లీ మొదలుపెట్టేముందు ఒక నమూనా ముక్క అల్లండి. మధ్యరకం మందం ఊలు, 5 మిల్లీమీటర్ల సూదులు తీసుకుని 24 కుట్లతో చదరపు ముక్క అల్లి, ఉతికి, చదునుగా ఆరబెట్టండి. ఉతికాక ఊలు సాగుతుంది కాబట్టి ఉతకకుండా కొలిస్తే కొలత తప్పుతుంది. అంచులు వదిలేసి మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కించండి. 17 వస్తే, 20 సెంటీమీటర్ల వెడల్పుకి 34 కుట్లు కావాలి. ఒకటిన్నర మీటర్ల పొడవుకి దాదాపు 200 గ్రాముల ఊలు పడుతుంది. ఉండలన్నీ ఒకేసారి కొనండి, లేబుల్ మీద రంగు లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) అన్నిటికీ ఒకటే ఉండాలి. లాట్ మారితే దుకాణంలో తెలియని తేడా మెడలో వేసుకున్నాక తెలుస్తుంది.

అన్ని వరుసలూ నిట్ కుట్టుతోనే (దారం వెనకవైపు ఉంచి అల్లే మామూలు కుట్టు) అల్లండి. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ (దారం ముందువైపు ఉంచి అల్లే ఉల్టా కుట్టు) అల్లితే అంచులు లోపలికి చుట్టుకుంటాయి. ఆవిరి పెట్టినా కొన్నాళ్లకు మళ్లీ చుట్టుకుంటాయి. కొత్త ఉండ కలపాలంటే వరుస మొదట్లోనే కలపండి, 15 సెంటీమీటర్ల తోక వదలండి. చివర్లో ముగించే కుట్లు బిగుసుకుంటే ఒక సైజు పెద్ద సూదితో ముగించండి.

నిద్ర రాక లేచినవారికి కూడా ఈ నిట్ వరుసలు బాగుంటాయి. లెక్క, డిజైన్ ఉన్న అల్లిక మాత్రం ఆ వేళ పట్టకండి, ఇంకో వరుస ఇంకో వరుస అనుకుంటూ తెల్లారిపోతుంది.

ప్రశ్న: చదువుకునే రోజుల్లో ప్రాణస్నేహితుడు. ఏడెనిమిదేళ్లుగా మాటల్లేవు. గొడవేమీ లేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఏమనుకుంటాడో?

జవాబు: సంతోషిస్తాడు. ఇది ఊరడింపు కోసం అంటున్నది కాదు. 2022లో పరిశోధకురాలు పెగ్గీ లియు, ఆమె సహచరులు ప్రచురించిన ప్రయోగాల్లో, పలకరించినవాళ్లు అనుకున్నదానికన్నా పలకరింపు అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషపడ్డారని తేలింది. అనుకోకుండా వచ్చిన పలకరింపుకైతే ఆ సంతోషం మరింత ఎక్కువ.

మొదట ఫోన్ వద్దు, మూడు వాక్యాల సందేశం పంపండి. మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి, అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, "ఎలా ఉన్నావురా" అన్న మాట. ఇన్నేళ్లు పలకరించనందుకు క్షమాపణలు పేజీ నిండా రాయకండి, అప్పుడు జవాబివ్వడం అతనికి భారమవుతుంది. జవాబు వచ్చాక "ఎప్పుడైనా కలుద్దాం" అనకండి. ఆ మాటతోనే చాలా స్నేహాలు అక్కడ ఆగిపోతాయి. "ఆదివారం ఉదయం 10కి మాట్లాడదామా" అని రోజు, గంట చెప్పండి. రెండు వారాలు జవాబు లేకపోతే ఇంకొక్కసారి రాయండి, ఆపైన వదిలేయండి.

పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ముఖ పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, గట్టి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుంది. మీ ఇద్దరూ ఆ గంటలు ఎప్పుడో గడిపేశారు. కొత్త స్నేహం వెతుక్కోవడం కన్నా ఇది చాలా దగ్గరి దారి.

ప్రశ్న: మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో రాత్రయితే రాజకీయాలే. 11కి ఒకరు ఏదో ఫార్వర్డ్ చేస్తారు, 1 దాకా వాదన. ఆ తర్వాత అనాల్సిన మాటలు తలుచుకుంటూ తెల్లవార్లూ మేలుకుంటున్నాను. గ్రూపు వదలాలని లేదు.

జవాబు: వదలక్కర్లేదు. రాత్రి 9 నుంచి ఉదయం దాకా ఆ గ్రూపు మోగకుండా చేయండి, ఫోన్ పడకగది బయట చార్జింగ్ పెట్టండి. అలారం కోసం వేరే గడియారం వాడండి. జవాబు మనసులో తిరుగుతుంటే కాగితం మీద రెండు ముక్కల్లో రాసి, పొద్దున చదవండి. పంపాలనిపిస్తే అప్పుడు పంపండి.

వాదన విషయానికొస్తే, గొడవ దేని గురించో ముందు తేల్చుకోండి. జరిగిందా లేదా అన్నదైతే పరిశీలించి తేల్చవచ్చు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే అది ఎప్పటిదో చాలాసార్లు బయటపడుతుంది. పాత ఫొటోకి కొత్త కథ తగిలించడం చాలా ఎక్కువగా కనబడే మోసం. వార్తనైతే ఆ పేజీలోనే కూర్చుని పరీక్షించకండి, బయటికొచ్చి వేరే పత్రికలు ఆ సంగతి ఏం రాశాయో చూడండి. వృత్తిగా నిజానిజాలు సరిచూసేవారు చేసేది ఇదే. ఇక ఏది ముఖ్యం అన్నదాని మీద గొడవైతే, ఆధారాలు ఎన్ని కుప్ప పోసినా తేలదు. అక్కడ "నీకు ఇదెందుకంత ముఖ్యం" అని అడగడం తప్ప దారి లేదు.

ఎవరైనా ఒక విధానాన్ని గట్టిగా సమర్థిస్తుంటే "ఎందుకు" అని కాక "అది అమలైతే ఒక్కో మెట్టు ఎలా జరుగుతుందో చెప్పు" అనండి. తమకు తెలుసనుకున్నవాటిని వివరించబోయినప్పుడు తెలిసింది తక్కువని జనం గ్రహిస్తారని 2002లో పరిశోధకులు రోజెన్‌బ్లిట్, కీల్ చూపించారు. అభిప్రాయం మారుతుందన్న హామీ లేదు, కానీ గొంతులు తగ్గుతాయి. అదే ప్రశ్న మీకు మీరు కూడా వేసుకోవాలి. ఎదుటివారి మాటను వారే "అవును, నేనన్నది అదే" అనేలా తిరిగి చెప్పగలిగాకే మీ మాట మొదలుపెట్టండి. ఇదంతా గ్రూపులో సాధ్యం కాదు. అందరూ చూస్తుండగా ఎవరూ వెనక్కి తగ్గరు. బాగా కావలసిన స్నేహితుడైతే పగటిపూట విడిగా ఫోన్ చేయండి.

ప్రశ్న: ఎలాగూ మెలకువగానే ఉంటున్నాను, నక్షత్రాలు చూడటం నేర్చుకుందామని ఉంది. బైనాక్యులర్స్ ఏవి కొనాలి?

జవాబు: అర్ధరాత్రి మెలకువను దీనితో నింపకండి, అది నిద్రను ఇంకా చెడగొడుతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి నక్షత్రాలు రాత్రి 8, 9 గంటలకే కనబడతాయి. ఓరియన్ అనే వేటగాడి ఆకారపు నక్షత్రరాశి నడుములో వరుసగా ఉన్న మూడు చుక్కలను పట్టుకోండి. ఆ గీతను ఒకవైపు పొడిగిస్తే ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశించే నక్షత్రం సిరియస్, రెండోవైపు రోహిణి, ఇంకా ముందుకెళ్తే కృత్తికలు. భుజం దగ్గర ఎర్రగా ఉన్నది ఆర్ద్ర, 2019 చివర నుంచి 2020 ఫిబ్రవరి దాకా బాగా మసకబారిన నక్షత్రం అదే. ఆ మూడు చుక్కల పక్కనే చిన్న గుంపు ఉంది, అందులో మసక మరకలా కనబడేది కొత్త నక్షత్రాలు పుడుతున్న మేఘం.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటి నుంచి. పటం చూడటానికి మసక ఎర్ర దీపం వాడండి. బైనాక్యులర్స్ 10×50 తీసుకోండి, అంటే 10 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు ఉన్నవి. 50ని 10తో భాగిస్తే వచ్చే 5 మిల్లీమీటర్లు కంటిలోకి వచ్చే కాంతి పుంజం వెడల్పు. 7×50లో అది 7 దాకా ఉంటుంది, కానీ వయసు పెరిగిన కొద్దీ కంటిపాప అంత తెరుచుకోదు, ఆ కాంతి వృథా. నిలబడి చూస్తే బొమ్మ వణుకుతుంది, వెనక్కి వాలే కుర్చీలో మోచేతులు ఆనించి చూడండి.

చల్లబడిన బైనాక్యులర్స్‌ను నేరుగా వెచ్చని గదిలోకి తెస్తే అద్దాల మీద, ఒక్కోసారి లోపల కూడా నీరు పడుతుంది. అది పదేపదే జరిగితే అద్దం మీద బూజు పడుతుంది. బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి లోపలికి తీసుకురండి, గది వేడికి వచ్చేదాకా, అంటే గంటసేపైనా, సంచి విప్పకండి.