ఆఘాతమా, గాయమా?

సందేహం: మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న తెలుగువాళ్ల కోసం ట్రామా థెరపీ గురించి కరపత్రం రాస్తున్నాను. ట్రామాను ‘మానసిక అఘాతం’ అన్నాను. ‘మనసుకైన గాయం’ అంటే చాలదా అంటోంది మా అమ్మ. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: ముందు అక్షరం సరిచేసుకుందాం. అది ‘ఆఘాతం’, దీర్ఘం ఉండాలి. ‘ఆ’ ఉపసర్గ, ‘ఘాతం’ అంటే దెబ్బ.

‘గాయం’ కూడా ఆ ‘ఘాతం’ నుంచే పుట్టిన తద్భవం. పుట్టిల్లు ఒకటే అయినా వాడుకలో దారులు వేరయ్యాయి. ఆఘాతం తగిలిన దెబ్బ, గాయం ఆ తర్వాత మనిషిలో మిగిలేది. గ్రీకులో ట్రామా అన్నా గాయమే. జరిగిపోయిన దెబ్బకు ఎవరూ వైద్యం చేయలేరు, మిగిలిన గాయానికే చేస్తారు. మీ అమ్మగారి మాటే సరైనది.

ఈ తేడా పట్టించుకోవాలి. ‘ఆఘాతం’ అని చదివితే యుద్ధమో సునామీయో గుర్తొచ్చి, ‘మనకంత కష్టమేం వచ్చిందిలే’ అని కరపత్రం పక్కన పడేస్తారు. హోసూరు రోడ్డు మీద బైక్ ప్రమాదం జరిగి, కాలు నయమైనా బండెక్కలేకపోతున్న కుర్రాడికి ఈ చికిత్స పనికొస్తుంది. ఆ ప్రమాదాన్ని కళ్లారా చూసిన స్నేహితుడికీ పనికిరావచ్చు. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలికి, చిన్నప్పుడు అయినవాళ్లే చేసిన పాడుపని ఏళ్ల తరబడి దాచుకున్న మనిషికి కూడా. నెల దాటినా అదే దృశ్యం కళ్లముందు తిరుగుతోందా? పీడకలలు వస్తున్నాయా? చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా? ఆ చోటు పేరెత్తితేనే తప్పించుకుంటున్నారా? అలాగైతే గాయం మానలేదేమోనని డాక్టరుకు చూపించుకోవాలి. ఈ ప్రశ్నలు కరపత్రంలో ఇలాగే, వాడుక మాటల్లోనే రాయండి.

‘దడుపు’, ‘జడుపు’ నాకు ఇష్టమైన మాటలే. కానీ దడుపు జ్వరం అనగానే తాయెత్తు గుర్తొస్తుంది, ఇక్కడ వద్దు. ఉత్త ‘ట్రామా’ అని కూడా రాయకండి. ఆసుపత్రుల్లో ‘ట్రామా కేర్’ బోర్డు ఒంటి దెబ్బలకు సంబంధించింది కాబట్టి తికమక పడతారు. ‘థెరపీ’ అందరూ అంటున్నదే, ఉంచేయండి.

శీర్షికగా ‘మనసుకైన గాయం మానలేదా?’ అని పెట్టండి. ‘మానడం’ గాయానికి తెలుగు ఇచ్చుకున్న సొంత క్రియ. కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ నంబరు 14416 వేసి, తెలుగులోనూ మాట్లాడతారని రాయండి.