గువ్వ ఏడుస్తోందా?

ప్రశ్న: మా బాల్కనీలో మందార కుండీలో గువ్వ గూడు కట్టి రెండు గుడ్లు పెట్టింది. ఇంకోటి ఏసీ పెట్టె మీద కూర్చుని పొద్దస్తమానం మూలుగుతున్నట్టు కూస్తుంది. ఇంట్లో ఏడుపు మంచిది కాదు, గూడు తీసేయమంటున్నారు మా అత్తగారు. నాకు చేతులు రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీయకండమ్మా. ఒక్క నెల ఓపిక పట్టండి, వాటంతట అవే పోతాయి.

ముందు అది ఏ గువ్వో చూడండి. మెడ వెనక నల్ల మచ్చ మీద ముగ్గు చుక్కల్లా తెల్ల చుక్కలుంటే అది పొడల గువ్వ. మెడ వెనక సన్నటి నల్ల పట్టీ ఒక్కటే ఉండి, 'కు-కూ-కు' అని మూడు ముక్కల్లో కూస్తే వేరే రకం. గొంతు కింద ఇటుక రంగు మీద నల్ల చుక్కలుంటే చిన్న గువ్వ. మన కుండీల్లో ఎక్కువగా కాపురం పెట్టేది ఇదే. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా? లాఫింగ్ డవ్! మీ అత్తగారికి ఏడుపు, వాళ్ళకి నవ్వు. గువ్వకు రెండూ కాదు. ఎక్కువగా కూసేది మగది. జంటను పిలవడానికీ, ఈ చోటు మాదని చెప్పుకోవడానికీ ఆ కూత.

అలాగని మీ అత్తగారిని తప్పు పట్టను. మా ఇంటి వెనక చింతచెట్టు మీద గువ్వ కూస్తే, చాటలో బియ్యం ఏరుతున్న మా నాయనమ్మ చెయ్యి ఆగిపోయేది. "రాదేం, రాదేం అంటోందిరా" అనేది. మా చిన్నత్తను కాపురానికి పంపిన కొత్త. అత్త పండక్కి వచ్చి ఉన్న నాలుగు రోజులూ అదే చెట్టు మీద అదే కూత. నాయనమ్మకు వినపడితేగా!

ఇక మీ గూటి సంగతి. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి గూడనుకునే రకం ఇది, కుండీ జరిపితే గుడ్లు దొర్లిపోతాయి. మందారానికి చెంబుతో అంచు వెంబడే నీళ్ళు పొయ్యండి. ఆడా మగా వంతులేసుకుని దాదాపు రెండు వారాలు పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. మొదట్లో పిల్లలకు పెట్టేది గింజలు కాదు, గొంతు సంచిలో ఊరే పాలలాంటి ముద్ద. అది తండ్రికీ ఊరుతుంది.

కాస్త దూరంగా మూకుడులో నీళ్ళు పెట్టండి. కోడిలా గుక్కగుక్కకూ తలెత్తదు, ముక్కు ముంచి ఒకే పీల్పున తాగేస్తుంది. మీ అత్తగారిని పిలిచి చూపించండి.