యాత్రికుల సందేహాలు: గ్రీసులోని చిన్న దీవి టిలోస్

గత సంచికలో సాంటోరిని గురించి రాస్తూ, జనసందోహం వద్దనుకునేవారు టిలోస్ వంటి చిన్న దీవిని ఎంచుకోవచ్చునని ఒక వాక్యం రాశాము. ఆ ఒక్క వాక్యం మీదనే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కనుక, ఈసారి శీర్షికనంతా ఆ దీవికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను, నా శ్రీమతి ఇద్దరమూ ఉపాధ్యాయ వృత్తిలో ఉండి పదవీ విరమణ చేశాము. మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఏడాది వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక వారం గ్రీసు చూడాలని మా కోరిక. మీరు చెప్పిన టిలోస్ ఎక్కడ ఉంది? అరవై దాటిన మాలాంటి వారికి తగినదేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, టిలోస్ తప్పకుండా మీకు తగిన చోటే. ఏజియన్ సముద్రపు ఆగ్నేయ మూలన, టర్కీ తీరానికి చేరువలో ఉన్న డోడెకనీస్ దీవులలో ఇది ఒకటి. ఉత్తరాన కోస్, దక్షిణాన రోడ్స్ అనే రెండు పెద్ద దీవుల మధ్య సుమారు 63 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో, ఎక్కువ భాగం కొండలతో ఉంటుంది. 2011 జనగణనలో ఇక్కడి జనాభా 780 మంది. విమానాశ్రయం లేదు. జనం తాకిడి నుంచి ఈ దీవిని ఇంతకాలం కాపాడినది ముఖ్యంగా ఆ లోటే అని నా నమ్మకం.

చెప్పుకోదగిన ఊళ్ళు రెండే. ఓడ ఆగే రేవు లివాదియా. గులకరాళ్ళ తీరం వెంట సాగే చదునైన దారి, ఆ దారి పక్కన భోజనశాలలు, అద్దె గదులు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా ఉదయం, సాయంత్రం హాయిగా నడవగల ఊరు కనుక మీరిద్దరూ బస ఇక్కడే చూసుకోండి. రెండవది పాలనా కేంద్రమైన మెగాలో హొరియో. కొండ వాలున తెల్లని ఇళ్ళు మెట్లు మెట్లుగా పేర్చినట్లు ఉంటాయి, ఆ పైన మధ్యయుగపు క్రైస్తవ సైనిక సంఘమైన సెయింట్ జాన్ యోధుల కాలం నాటి కోట శిథిలమై ఉంది. కోట దాకా ఎక్కడం కష్టమే కాని ఊరి వీధుల్లో నెమ్మదిగా తిరగవచ్చు. రెండు ఊళ్ళనూ కలిపే పురపాలక బస్సు ఉంది.

చరిత్ర బోధించినవారైతే మీకు మరొక ఆసక్తి కూడా ఉంటుంది. 1522లో ఆ యోధుల నుంచి ఒట్టోమన్ తురుష్కుల చేతికి, 1912లో ఇటలీ చేతికి, రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి, ఆ పైన కొద్దికాలం బ్రిటిష్ సైనిక పాలనకు చిక్కిన ఈ దీవులు గ్రీసులో లాంఛనంగా కలిసింది 1948లోనే. అంటే మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది. అక్కడి వృద్ధుల తల్లిదండ్రులు ఇటాలియన్ పాలనలో పెరిగినవారన్న సంగతి మనసులో ఉంచుకుని మాట కలిపితే, సంభాషణ వాతావరణం దగ్గరే ఆగిపోదు.

మే, జూన్ మొదటి సగం, లేదా సెప్టెంబరు నెలలలో వెళ్ళండి. జూలై, ఆగస్టు నెలల ఎండ, గాలి రెండూ ఎక్కువే. అక్టోబరు చివరి నుంచి వసంతం వరకు గదులు, భోజనశాలలు చాలావరకు మూసే ఉంటాయి. వేసవిలో జర్మనీలోని పలు నగరాల నుంచి రోడ్స్‌కు నేరుగా విమానాలు నడుస్తాయి. అక్కడి నుంచి ఓడ ఎక్కవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం మరువకండి: దీవిలో ప్రాథమిక వైద్యమే దొరుకుతుంది, పెద్ద అవసరమైతే రోడ్స్‌కు వెళ్ళవలసిందే. రోజూ వేసుకునే మందులను రెండు వారాలకు సరిపడా, వైద్యుని చీటీతో సహా వెంట ఉంచుకోండి.

ప్రశ్న: పది రోజుల సెలవులో ఏథెన్స్, సాంటోరిని, మైకొనోస్, రోడ్స్ చూసి, రోడ్స్ నుంచి ఒక్కరోజులో టిలోస్ వెళ్ళి రావాలని పథకం వేసుకున్నాము. వీలవుతుందా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాదు)

జవాబు: వేసవిలో కొన్ని వారాలలో ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చే వేగనౌక దొరకవచ్చు కనుక, వీలుకాదని అనలేను. అయినా వద్దనే చెబుతాను. నౌకను బట్టి ఒక వైపు ప్రయాణమే రెండు, మూడు గంటలు. మధ్యాహ్నం రెండు మూడు గంటల నుంచి ఐదు దాటేవరకు దుకాణాలు మూసి ఊరంతా విశ్రాంతి తీసుకుంటుంది. మీరు దిగేది ఎండ ముదిరే వేళకు, తిరిగి ఓడ ఎక్కేది ఊరు మేల్కొనే వేళకు. ఆ మధ్య మీరు చూసేది తాళం వేసిన తలుపులనే.

ఇంతకన్నా ముఖ్యమైనది గాలి. వేసవి నడిమధ్యలో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, కాని సముద్రం లేస్తుంది. గాలి మితిమీరితే ఓడరేవు అధికారులు నౌకలను ఆపేస్తారు. ముందుగా ఆగిపోయేవి చిన్న వేగనౌకలే. పెద్ద ఓడలు మరికొంత తట్టుకుంటాయి కాని అవి టిలోస్‌కు ప్రతిరోజూ రావు. ఏథెన్స్ రేవైన పిరేయస్ నుంచి పెద్ద ఓడలో నేరుగా రావాలంటే దారిలో అనేక దీవుల వద్ద ఆగుతూ రాత్రంతా ప్రయాణం చేయాలి. అందువల్ల టిలోస్ నుంచి బయలుదేరే రోజునే రోడ్స్‌లో విమానం ఎక్కేలా టికెట్లు కొనడం ఎంతమాత్రం మంచిది కాదు. నడుమ ఒక రాత్రి రోడ్స్‌లో గడిపేలా చూసుకోండి. ఓడ రద్దయితే టికెట్ డబ్బు వెనక్కి ఇస్తారు, లేదా తరువాతి ఓడలో చోటిస్తారు. తప్పిపోయిన విమానం సంగతి ఎవరూ పట్టించుకోరు.

మీకు నా సలహా ఏమిటంటే, ఆ పది రోజులలో మైకొనోస్‌ను, వీలైతే సాంటోరినిని కూడా వదులుకుని, టిలోస్‌కు నాలుగైదు రోజులు ఇవ్వండి. చిన్న దీవిలో మొదటి రోజు మనకు కనిపించేది చాలా కొద్ది. మూడవ రోజుకు రొట్టెల దుకాణం ఎన్నింటికి తెరుస్తారో, బస్సు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎవరు ఎవరికి బంధువులో తెలుస్తుంది, అక్కడి నుంచే అసలు చూడడం మొదలవుతుంది. అంత వ్యవధి లేనివారు పెద్ద దీవులలోనే ఉండిపోవడం మేలు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ప్రశ్న: మేము శుద్ధ శాకాహారులము, కోడిగుడ్డు కూడా తినము. చేపలు పట్టే దీవిలో మాకేం దొరుకుతుంది? ఇంటి నుంచి ఏమేమి తీసుకువెళ్ళవచ్చు? (గృహిణి, తెనాలి)

జవాబు: అమ్మా, మీరు భయపడినంత ఇబ్బంది లేదు. గ్రీకు క్రైస్తవ సంప్రదాయంలో ఉపవాస దినాలు చాలా ఎక్కువ. ఈస్టరుకు ముందు ఏడు వారాలు, ఆగస్టు 1 నుంచి 14 వరకు, ఇంకా ఎన్నో రోజులలో భక్తులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. అందువల్ల పప్పులతో, కూరగాయలతో చేసే వంటలు వారి ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. పసుపుపచ్చని పప్పును మెత్తగా ఉడికించి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి ఇచ్చే ఫావా మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం. పెద్ద చిక్కుడు గింజలను టమాటాతో కలిపి పొయ్యిలో కాల్చిన గిగాంతెస్, ఉడికించిన ఆకుకూరలపై నిమ్మరసం పిండిన హోర్తా, శనగలతో చేసే రెవీథియా, గట్టి పెరుగు, కొండ పూల తేనె మీకు సాధారణంగా దొరుకుతాయి.

అయితే ఉపవాసపు వంట అన్నంత మాత్రాన మన లెక్కలో శాకాహారం కాదు. రొయ్యలు, ఆక్టోపస్, నత్తల వంటివి ఆ ఉపవాసాలలో నిషిద్ధం కావు. టమాటాలలో, మిరపకాయలలో అన్నం కూరి చేసే గెమిస్టాలో కొందరు కీమా కలుపుతారు. కనుక ప్రతి వంటకం గురించి మాంసం, చేప, గుడ్డు మూడింటినీ పేరుపేరునా అడిగి తెలుసుకోండి. వండినవారే వచ్చి వడ్డించే చిన్న భోజనశాలలలో ఈ ప్రశ్నకు విసుక్కోరు. వంటగది ఉన్న గది తీసుకుంటే మరీ మంచిది. కందిపొడి, పచ్చళ్ళు, అటుకులు తీసుకువెళ్ళండి. నెయ్యి, పాలకోవా, ఇతర పాల పదార్థాలు మాత్రం వద్దు. ఐరోపా సంఘంలోని దేశాలలోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలను, మాంసాన్ని తేకూడదన్న నిషేధం ఉన్నది, విమానాశ్రయంలో పట్టుకుంటే పారవేస్తారు.

ప్రశ్న: టిలోస్‌లో ఒకప్పుడు మరుగుజ్జు ఏనుగులు ఉండేవని చదివాను. నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్లు)

జవాబు: ముమ్మాటికీ నిజం. లివాదియాకు, మెగాలో హొరియోకు నడుమ ఉన్న హర్కాదియో గుహలో 1971లో ఏథెన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు నికోలావోస్ సిమియోనిదిస్ వాటి ఎముకలను కనుగొన్నారు. అవి ప్రత్యేక జాతికి చెందినవని నిర్ధారించి 2007లో శాస్త్రజ్ఞులు పాలియోలాక్సొడాన్ టిలియెన్సిస్ అని పేరు పెట్టారు. ఐరోపాలో చివరి వరకు మిగిలిన ఏనుగులు ఇవేనని శాస్త్రజ్ఞుల అంచనా. రెండు మీటర్లకు మించని ఎత్తు. పెద్ద ఏనుగుల సంతతి చిన్న దీవిలో చిక్కుకుపోయినప్పుడు, మేత కొరవడి, వేటాడే పెద్ద జంతువుల భయం లేక, వేల ఏళ్ళలో తరం తరువాత తరం శరీరం కుదించుకుపోతుంది. పెద్దగా ఉండడం వల్ల కలిగే లాభం పోయి ఖర్చు మాత్రమే మిగులుతుంది మరి. మధ్యధరా సముద్రంలో సిసిలీ, సైప్రస్ వంటి దీవులలోనూ ఇలాగే జరిగింది. నీకు ఈ శాస్త్రం మీద మనసుంటే బాబూ, దీవులలో జీవపరిణామం అన్న అంశాన్ని పట్టుదలగా చదువు.

ప్రశ్న: లండన్‌లో స్థిరపడిన కుటుంబం మాది. ఈ దీవిలో చెత్తబుట్టలే ఉండవని ఒక మిత్రుడు చెప్పాడు. అక్కడ మేము పాటించవలసిన పద్ధతులేమిటి? వీసా సంగతి కూడా చెప్పండి. (ఒక పాఠకుడు, లండన్)

జవాబు: మీ మిత్రుడు చెప్పినది నిజమే. 2021 డిసెంబరులో మొదలైన పథకం కింద వీధులలోని పెద్ద చెత్తకుండీలను తొలగించి, ఇంటింటికీ వచ్చి వేరుచేసిన చెత్తను తీసుకునే ఏర్పాటు చేశారు. తిండి వ్యర్థాలు, తిరిగి వాడుకోదగినవి, మిగిలినవి అని విడదీసి ఇవ్వడం అతిథుల బాధ్యత కూడా. గది ఇచ్చినవారు చెప్పినట్లు చేయండి. సాధారణంగా పనికిరాని చెత్తను పాతిపెట్టడానికి ఇంత చిన్న దీవిలో చోటు ఎక్కడిది?

ఈ దీవి ఇటువంటి నిర్ణయాలు ముందే తీసుకుంటూ వచ్చింది. 1993లో వేటను నిషేధించింది; అందువల్లనే బోనెల్లి గద్ద, ఎలియనోరా డేగ వంటి అరుదైన పక్షులు ఇక్కడ నిర్భయంగా బతుకుతున్నాయి. 800 కిలోవాట్ల గాలిమర, 160 కిలోవాట్ల సౌర ఫలకాలు, విద్యుత్తును నిలువ చేసే బ్యాటరీలు ఏర్పాటు చేసుకుంది. అంతకు ముందు విద్యుత్తు మొత్తం కోస్ నుంచి నిసిరోస్ మీదుగా సముద్రం అడుగున వేసిన తీగ ద్వారా రావలసి ఉండి, అది చెడినప్పుడల్లా ఊళ్ళకు ఊళ్ళు చీకటిలో ఉండేవి. సిరియా నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు కూడా టిలోస్ చోటిచ్చింది. ఎనిమిది వందల మంది కూడా లేని చోట ఇన్ని పనులు జరగడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

వీసా విషయం క్లుప్తంగా: మీది భారతీయ పాస్‌పోర్టు అయితే, బ్రిటన్‌లో ఎన్నేళ్ళుగా ఉంటున్నా షెన్‌గెన్ వీసా (గ్రీసు, జర్మనీ సహా ఐరోపాలోని అనేక దేశాలకు ఒక్కటే చెల్లే వీసా) తీసుకోవలసిందే. ఒకటికి మించిన దేశాలకు వెళ్తుంటే ఎక్కువ రోజులుండే దేశానికి దరఖాస్తు చేయాలి. రాజమహేంద్రవరం మాస్టారు కూడా ఇది గమనించాలి; వారు జర్మనీలోనే ఎక్కువ కాలం ఉంటారు కనుక జర్మనీకే దరఖాస్తు చేసుకోవాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ప్రశ్న: అంత చిన్న దీవిలో వారం రోజులు ఏం తోస్తుంది? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: నడక ఇష్టమైతే వారం చాలదు. లివాదియా నుంచి కొండ దారిన గంటసేపు నడిస్తే మిక్రో హొరియో వస్తుంది. సముద్రపు దొంగల కంట పడకుండా కొండల మధ్య కట్టుకున్న ఊరది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత జనం ఒక్కొక్కరుగా రేవుకు దిగి వచ్చేశారు. 1960ల నాటికి ఊరు ఖాళీ అయింది. వెళ్తూ వెళ్తూ ఇంటి పైకప్పు దూలాలను కూడా తీసుకుపోయారు కనుక ఇప్పుడు గోడలే మిగిలాయి. చర్చిని మాత్రం నేటికీ చూసుకుంటున్నారు. తోవలో నీడ ఉండదు, తెల్లవారుతూనే బయలుదేరండి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఉంచుకోండి.

మరొక రోజు బస్సులో ఏరిస్టోస్ తీరానికి, ఇంకొక రోజు దీవికి పడమటి కొసన ఉన్న అయియోస్ పాంతెలెయిమోనాస్ మఠానికి వెళ్ళండి. 15వ శతాబ్దంలో కట్టిన ఆ మఠం కొండకు ఆనుకుని చెట్ల నీడలో, ఊట నీళ్ళతో చల్లగా ఉంటుంది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. జూలై 27న ఆ మఠంలో జరిగే ఉత్సవానికి ఏథెన్స్‌లోనూ పరదేశాలలోనూ స్థిరపడిన టిలోస్ వారంతా ఇంటికి వస్తారు. రాత్రి పొద్దుపోయేవరకు వయొలిన్ పాటలు, గొలుసుగా చేతులు పట్టుకుని చేసే నృత్యాలు ఉంటాయి. అది చూడాలనుకుంటే గదిని, ఓడ టికెట్‌ను ఏప్రిల్ లోపే ఖాయం చేసుకోండి.