దివిసీమలో ‘దివి’ అంటే స్వర్గం కాదు

దివిసీమకి ఆ పేరెలా వచ్చింది, దివి అంటే స్వర్గమనేనా అని అడిగారు. మా అమ్మమ్మది అక్కడి నాగాయలంక. చిన్నప్పుడు నేనూ స్వర్గమనే అనుకున్నాను. ఏడో తరగతిలో వ్యాసరచన పోటీకి ‘దివి నుంచి భువికి దిగిన సీమ’ అని రాసి ప్రైజు కూడా కొట్టాను. సెలవులకి వెళ్లినప్పుడు గొప్పగా చదివి వినిపిస్తే, అమ్మమ్మ చేట ఆపకుండానే, "స్వర్గమేంట్రా, చుట్టూతా నీళ్లుంటే దివి అంటారు" అంది. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రంతా దూలం పట్టుకుని గడిపిన మనిషి. ఆవిడ ముందు స్వర్గం అనడం నాదే తప్పు.

ఆవిడ మాటే కరెక్టు. ఆకాశం, స్వర్గం అనే దివి సంస్కృతంలో వేరే మాట. ఈ దివి ద్వీపం నుంచి వచ్చింది. దీవి, దివి రెండూ అదే. అసలు ద్వీపం అన్న మాటలోనే ‘రెండు వైపులా నీళ్లున్నది’ అనే అర్థం ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది కదా, అటో పాయ, ఇటో పాయ, కింద సముద్రం. మధ్యలో అవనిగడ్డ, కోడూరు, మా నాగాయలంక. పేరుకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? గుజరాత్ అంచున ఉన్న డయ్యూ, మాల్దీవుల వాళ్లు తమ భాషని పిలుచుకునే దివెహి కూడా ఈ ద్వీపం చుట్టాలే.

హంసలదీవిలో ఉన్నదీ ఆ దీవే. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోట మునిగిన కాకి హంసై తేలిందని కథ చెబుతారు. కథ ముందో పేరు ముందో గానీ, దీవి మాత్రం దీవే.

ఇక చుట్టుపక్కల పేర్లు చూడండి, అన్నీ నీళ్ల లెక్కలే. ఏటి మధ్య మేట వేసిన నేల లంక. ఏరు నోరు తెరిచే చోటు మొగ, అందుకే ఏటిమొగ. ఇసక దిబ్బ లేస్తే తిప్ప, పాలకాయతిప్పలో ఉన్నది అదే. ఒకసారి ఏటిమొగలో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి ఎదురుమొండి వెళ్తుంటే నడి ఏట్లో అడుగున బర్రున రాసుకుంది. పాటు సమయం, నీళ్లు తగ్గి ఉన్నాయి. బైకు పట్టుకుని నేను టెన్షన్ పడుతుంటే, పంటు నడిపే ఆయన గెడతో పొడిచి చూసి, "నిరుడు ఇక్కడ ఇంత లేదండీ, తిప్ప లేస్తోంది" అన్నాడు.