హాప్స్ కషాయం కాచి అమ్మొచ్చా, ఆ పిప్పి ఆవులకి పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, అర ఎకరంలో హాప్స్ తీగ (బీరుకి చేదునిచ్చేది) పెట్టాను, కోత దగ్గర పడింది. హాప్స్ సారం నిద్రకి, వాపులకి, కాన్సర్‌కి కూడా పనిచేస్తుందని వీడియోల్లో తెగ చెప్తున్నారు. కోన్లు, అంటే దాని పూగుత్తులు, నీళ్లలో మరిగించి సీసాల్లో పోసి అమ్ముదామనుకుంటున్నా. మిగిలిన పిప్పి ఆవులకి పెట్టొచ్చా? తేనెపెట్టెలు కూడా ఉన్నాయి, వాటికేమన్నా పనికొస్తుందా?

జవాబు: ముందు ఒక కోన్ తెంపి నిలువుగా చీల్చి చూడండి. రేకుల మొదట్లో పసుపు రంగు పొడి ఉంటుంది, వేళ్లకి బంకలా అంటుకుంటుంది, అదే లూపులిన్. మీరు విన్న గుణాలన్నీ దాదాపు అందులోవే. చేదునిచ్చే ఆల్ఫా, బీటా ఆమ్లాలు, వాసన నూనెలు, వీడియోల వాళ్లు ఊదరగొట్టే జాంథోహ్యూమాల్ అనే పదార్థం అన్నీ అక్కడే ఉంటాయి. చిక్కేంటంటే ఇదంతా జిడ్డు సరుకు, నీళ్లకి లొంగదు, అందుకే మీ కషాయం నోరు తిరిగేంత చేదుగా ఉన్నా అసలు సరుకు చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది. ఫ్యాక్టరీల్లో అయినా, కార్బన్ డయాక్సైడ్‌తో తీస్తే ఆమ్లాలూ నూనెలూ వస్తాయి గానీ జాంథోహ్యూమాల్ పిప్పిలోనే ఆగిపోతుంది, అదే ఆల్కహాల్‌తో తీస్తే అది కూడా వస్తుంది. కాబట్టి ఎవరన్నా హాప్స్ సారం అంటే, దేంతో తీశారని మొదట అడగండి.

ఇంకోటి, మరిగిస్తే మందు మారిపోతుంది. నీళ్లలోకి దిగిన ఆ కాస్త జాంథోహ్యూమాల్ కూడా వేడికి ఐసోజాంథోహ్యూమాల్ అవుతుంది, దాన్ని కొందరి పేగుల్లోని బాక్టీరియా 8-ప్రెనైల్‌నారింజెనిన్ అనే పదార్థంగా మారుస్తాయి. మొక్కల్లో దొరికే, ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్ లాంటి పదార్థాల్లో బాగా బలమైనవాటిలో ఇదొకటి, కొద్దిగా కోన్‌లో కూడా ముందే ఉంటుంది. హాప్స్ కోసే ఆడవాళ్లకి నెలసరి తేడా వస్తుందని పాతకాలం నుంచీ అనుకునే మాట ఊరికే పుట్టలేదని నా అభిప్రాయం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. అలాంటిది మోతాదు తెలీకుండా సీసాలో పోసి ఎవరికి పడితే వాళ్లకి అమ్ముతారా? వద్దండి.

నిద్ర సంగతి కొంత నిజమే. యూరప్ మందుల సంస్థ కూడా హాప్స్‌ని తేలికపాటి ఒత్తిడికి, నిద్రకి సంప్రదాయ మందుగా ఒప్పుకుంది, అదీ ఏళ్ల తరబడి వాడకాన్ని చూసి. మామూలుగా వలేరియన్ అనే మూలిక వేరుతో కలిపి ఇస్తారు. కాన్సర్ మాట మాత్రం లేబుల్ మీద రాయొద్దు, అవి ల్యాబ్ గిన్నెల్లో కణాల మీద కనపడ్డ ఫలితాలు, మనిషి ఒంట్లోకి అంత మోతాదు చేరడమే కష్టం.

తేనెటీగల విషయంలో మాత్రం గట్టి సరుకుంది. బీటా ఆమ్లాల పొటాషియం లవణాన్ని అమెరికా పర్యావరణ సంస్థ 2015లో తేనెటీగల్ని పట్టి పీడించే వరోవా పురుగు మీద వాడకానికి రిజిస్టర్ చేసింది, అట్టముక్కలకి పట్టించి ఫ్రేముల మధ్య వేలాడదీస్తారు. ఈగపిల్లలు పెరిగే, మూత పడ్డ గదుల్లోకి అది చొరబడదు, అందుకే పెట్టెలో పిల్ల తక్కువున్నప్పుడే బాగా పనిచేస్తుంది. మీ కషాయం చల్లితే ఆ పని జరగదు, రిజిస్టరైన సరుకే వాడాలి.

ఇక ఆవులు. బీటా ఆమ్లాలు పొట్టలో గ్రామ్ పాజిటివ్ అనే రకం బాక్టీరియాని అణుస్తాయి, ప్రోటీన్‌ని అమోనియాగా పాడుచేసేవాటిని కూడా, పశువుల దాణాలో కలిపే మోనెన్సిన్ మందు పనిచేసే తీరుకి దగ్గరగానే. అలాగని పిప్పి గంపలకొద్దీ పెట్టకండి, చేదుకి మేత వదిలేస్తాయి, బూజు పట్టింది అసలు పెట్టొద్దు. ఎండినది దాణాలో కొంచెంగా మొదలెట్టి, మేత తగ్గుతుందేమో చూసుకోండి.

పెరట్లో కుక్క ఉందా? ఉంటే ఆ పిప్పి కుప్ప బయట ఉంచొద్దు, తిన్న కుక్కలకి ఒళ్లు కాలిపోయి, గుండె దడదడలాడి, గంటల్లో ప్రాణం పోయిన సందర్భాలున్నాయి, వగరుస్తూ కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.