కిట్‌తో కొలిచే పనికి ఎమ్మెస్సీ ఎందుకు?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం. ప్రాజెక్టులో సీరం శాంపిళ్లలో సీడీ25 అనే ప్రోటీన్‌ను ఎలైసా అనే యాంటీబాడీ పరీక్షతో కొలిచింది. ఇక ఇమ్యునాలజీయే (రోగనిరోధక శాస్త్రం) చదువుతానంటోంది. కిట్ వాడి రీడింగ్ తీసే పనికి అంత చదువెందుకు, బీఎడ్ చేయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: మీ బంధువులు చెప్పిన దాంట్లో సగం నిజముంది. కిట్ వాడటం కొద్ది రోజుల్లోనే వచ్చేస్తుంది. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో శాంపిల్ వేసి, కడిగి, ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ వేసి, మళ్లీ కడిగి, రంగు ద్రావణం పోస్తే నీలం తేలుతుంది. ఆమ్లంతో ఆపగానే పసుపుపచ్చగా మారుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 450 నానోమీటర్ల దగ్గర రీడర్ చెబుతుంది.

జీతం వచ్చేది ఆ తర్వాతి పనికి. ఒకే శాంపిల్‌ను రెండు వెల్స్‌లో వేస్తే ఒకదాంట్లో 0.42, రెండోదాంట్లో 0.81 వచ్చిందనుకోండి. సగటు తీసి రాసేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ పైపెట్‌లో బుడగ వచ్చిందా, కడగడం సరిగా జరగలేదా అని ఆగి చూసి, ఆ శాంపిల్ మళ్లీ వేసే మనిషి కావాలి ల్యాబ్‌కు. రీడింగ్ స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసుకున్న గ్రాఫ్) పైకొసను దాటిపోతే అంచనా కట్టకూడదు, శాంపిల్‌ను పలచన చేసి మళ్లీ చేయాలి.

మీ అమ్మాయిని ఒక మాట అడిగి చూడండి: తను కొలిచింది కణం మీదున్న సీడీ25నా, రక్తంలో కలిసిపోయినదా? ఐఎల్-2 అనే సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌లో ఇదొక భాగం. టీ కణాలు (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్ల రక్తకణాలు) చురుగ్గా మారినప్పుడు వాటి మీద పెరుగుతుంది, కొంత తెగి సీరంలోకి వస్తుంది. సీరంలోది ఎలైసాతో తెలుస్తుంది, కణం మీదది చూడాలంటే కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించే ఫ్లో సైటోమీటర్ కావాలి. రోగనిరోధక శక్తి అదుపు తప్పే హెచ్ఎల్‌హెచ్ అనే ప్రాణాంతకమైన జబ్బును నిర్ధారించే ప్రమాణాల్లో సీరం సీడీ25 ఒకటి. అక్కడ అంకె తప్పితే పసిబిడ్డల చికిత్సే దారి తప్పొచ్చు. 1995లో షిమోన్ సకగుచి రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టే టీ కణాలను గుర్తుపట్టింది కూడా ఈ సీడీ25 ఆధారంగానే. ఆ పరిశోధనకు 2025 నోబెల్‌లో ఆయనకు భాగం దక్కింది.

ఈ తేడా తను మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఎమ్మెస్సీకే పంపండి. బీఎడ్ కావాలంటే ఆ తర్వాతైనా చేయొచ్చు. ఏపీ పీజీసెట్ రాస్తే ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో దగ్గర్లోనే చదువుకోవచ్చు. గ్యాట్-బి, జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్షలు కూడా రాయించండి. ఎక్కడ చేరినా, డిసర్టేషన్‌లో (చివరి ప్రాజెక్టులో) పని తన చేత్తో చేయనిస్తారా లేదా అన్నది సీనియర్లను అడిగి తెలుసుకోండి. వారం రోజుల సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం డబ్బు పోయకండి.

తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. లేదంటే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ వ్యాక్సిన్ కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలున్నాయి. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, దానికి ముందే సిద్ధపడండి.

ఈలోగా ప్రాజెక్టు రికార్డు కాలేజీకి ఇచ్చేసే ముందు, గైడ్ అనుమతి తీసుకుని ప్లేటు మ్యాప్ (ఏ వెల్‌లో ఏ శాంపిల్ వేశారో చూపే పట్టిక), రీడింగులు, స్టాండర్డ్ కర్వ్ కాపీ పెట్టుకోమనండి. పేషెంట్ల పేర్లున్న పేజీలు మాత్రం వద్దు. ఇంటర్వ్యూలో మార్కుల కంటే వాటి గురించే ఎక్కువ అడుగుతారు.