పక్కింటాయన మా బోరు ఆపగలడా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న పట్టణం. నాలుగు సెంట్లలో ఇల్లు కట్టుకుని పద్నాలుగేళ్లయింది. అప్పట్లో 380 అడుగులు వేసిన బోరు పోయిన ఎండాకాలం నుంచి గాలి కొడుతోంది. మోటారు బయటికి తీసేసి, కేసింగ్ పైపు మూతికి గోనెసంచి కట్టి, పైన బండరాయి పెట్టాం. కొత్త బోరుకు పాయింట్ చూపిస్తే ప్రహరీకి మూడడుగుల దూరంలో వచ్చింది. వెయ్యి అడుగులైనా పోదామనుకుంటున్నాం. పక్కింటాయనేమో 'నా బోరు ముందు వేసింది, మీరు వేస్తే నాది ఎండిపోతుంది, కోర్టు నుంచి స్టే తెస్తా' అంటున్నాడు. రిగ్గు ఏజెంటు మాత్రం 'ఇంటి బోరుకు పర్మిషన్ ఎవరడుగుతారు సార్, రాత్రి పదికి బండి పెడితే తెల్లారేసరికి అయిపోతుంది' అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక రిటైర్డ్ టీచరు

జవాబు: మాస్టారూ, ఇద్దరి మాటా వినకండి. పక్కింటాయన చెబుతున్న హక్కు చట్టంలో లేదు. ఏజెంటు చెబుతున్న ధైర్యం మీకు పనికిరాదు. అయితే మీ ఉత్తరం చదివాక నాకు టెన్షన్ పట్టుకున్నది ఈ రెండింటి గురించీ కాదు, ఆ గోనెసంచి గురించి. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు పక్కింటాయన సంగతి. దారి, వెలుతురు, నీళ్ల లాంటి విషయాల్లో ఇరుగుపొరుగు స్థలాల హక్కులు చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 7వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా మీ గొడవకు సరిపోతుంది. భూమి లోపల ఫలానా దారి అని తేలేలా కాలువ కట్టి పారకుండా, అక్కడక్కడా ఊరే నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు ప్రతి స్థలం యజమానికీ ఉంటుందని అది చెబుతుంది. ఎవరు ముందు తోడారన్న లెక్క అక్కడ లేదు. 'ఇరవై ఏళ్ల నుంచి వాడుకుంటున్నా, కాబట్టి ఆ నీళ్లు నావి' అనడానికీ వీల్లేదు. దారి విషయంలో, వెలుతురు విషయంలో ఇరవై ఏళ్ల అనుభవం హక్కుగా మారుతుంది. ఇలాంటి భూగర్భ జలం విషయంలో మాత్రం మారదని అదే చట్టం 17వ సెక్షన్ విడిగా చెప్పింది.

ఆయన దావా వేసినా, తన బోరు ఎండితే అది మీ బోరు వల్లే ఎండిందని రుజువు చేసుకోవాల్సింది ఆయనే. మన వైపు నేల రాతినేల. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. పది అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లకు ఒకే పగులు తగలొచ్చు, అసలు సంబంధమే లేకపోవచ్చు. ఇంజక్షన్ ఆర్డరు, అంటే పని ఆపమనే ఆదేశం ఇవ్వాలంటే కోర్టు మూడు చూస్తుంది: పైకి చూడగానే కేసులో బలం ఉందా, ఆపకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, జరిగే నష్టం తర్వాత డబ్బుతో పూడ్చలేనిదా అని. ఇంట్లో తాగడానికీ వాడుకోవడానికీ బోరు వేసుకుంటున్న మనిషిని, అందులోనూ చేతిలో అనుమతి కాగితం ఉన్న మనిషిని ఆపించడం ఆయనకు తేలిక కాదు. అయినా మీకు తెలియకుండా ఆర్డరు తెచ్చేస్తాడేమోనని భయమైతే, మీ ఊరి సివిల్ కోర్టులో కేవియట్, అంటే 'నాకు చెప్పకుండా ఆర్డరు ఇవ్వొద్దు' అన్న అర్జీ, ముందే వేయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద అది 90 రోజులు పనిచేస్తుంది. ఆ లోపల ఆయన పిటిషన్ వేస్తే మీకు నోటీసు రావాల్సిందే.

ఈ పాత చట్టాన్ని చూసుకుని 'నా నేల కింద నీళ్లు నా ఇష్టం' అనుకునే వాళ్లూ ఉన్నారు. కాలం అంత దూరం వాళ్లతో రాలేదు. కేరళలో ప్లాచిమడ కూల్‌డ్రింక్ ఫ్యాక్టరీ కేసులో 2003 డిసెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి, భూగర్భ జలం ప్రజలందరి సొత్తు, అది తరిగిపోకుండా కాపాడే బాధ్యత ప్రభుత్వానిది అన్నారు. 2005లో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ తీర్పును తోసిపుచ్చింది. అంటే హక్కు ఎంతవరకన్నది కోర్టుల్లోనే నలిగిన విషయం. కానీ మనకు అంతకంటే దగ్గరగా, సొంత చట్టం ఒకటుంది.

అదే వాల్టా. పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, 2002. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఇదే చట్టం నడుస్తోంది. బావులు, బోర్లు ఉన్నవాళ్లు వాటిని రిజిస్టరు చేయించాలని, బోరు తవ్వే రిగ్గులు కూడా రిజిస్టరై ఉండాలని ఇది చెబుతుంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు దింపడంపై ఆంక్ష ఉంది. మీ వీధి చివర మున్సిపాలిటీ బోరు ఒకటి ఉండే ఉంటుంది కదా? టేపు అక్కర్లేదు, నడిస్తేనే తెలిసిపోతుంది 250 మీటర్లు ఎంత దగ్గరో. నీళ్లు మితిమీరి తోడేశారని ప్రకటించిన ప్రాంతమైతే ఆంక్షలు ఇంకా గట్టిగా ఉంటాయి. అందుకే ఏజెంటు మాట మీద రాత్రి పదికి బండి పెట్టించకండి. మీ మీద మంటగా ఉన్న పక్కింటాయనకు ఒక్క ఫోను చాలు. అనుమతి లేకుండా తవ్వుతున్న రిగ్గులను అధికారులు సీజ్ చేసిన సందర్భాలు మన జిల్లాల్లో కొత్తేం కాదు. బోరు సగంలో ఆగిపోతే నష్టం మీది, ఏజెంటు కమీషను ఏజెంటుది.

మీసేవ ద్వారా గానీ నేరుగా తహసీల్దార్ కార్యాలయంలో గానీ దరఖాస్తు పెట్టండి. ఇంటి పత్రాల నకలు, ఆధార్, పాత బోరు ఎండిందన్న వివరం, కొత్త పాయింట్ ఎక్కడో చూపే చిన్న స్కెచ్ జతచేయండి. 'గృహ అవసరాలకు' అని స్పష్టంగా రాయండి. రాశాక ఆ మాట మీద ఉండండి. రేపు బోరులో నాలుగించుల నీళ్లు పడ్డాయని ట్యాంకర్లకు అమ్మడం మొదలుపెడితే అది ఇంటి బోరు కాదు, వ్యాపారం. అప్పుడు నేను పైన చెప్పిన ధైర్యాలేవీ మీకు వర్తించవు.

దీనికి తోడు సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న ఇచ్చి, అదే ఏడాది ఆగస్టు 6న సవరించిన మార్గదర్శకాలున్నాయి. బోర్లలో పడి పసిపిల్లలు చనిపోతున్నారన్న పిటిషన్ మీద వచ్చినవి అవి. బోరు వేయడానికి కనీసం 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. తవ్వేటప్పుడు చుట్టూ ముళ్లకంచెగానీ మరో అడ్డుగానీ పెట్టాలి, తవ్వే ఏజెన్సీ పేరు, యజమాని పేరు, అడ్రసులతో బోర్డు పెట్టాలి. కేసింగ్ చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున సిమెంటు దిమ్మె కట్టాలి, అది 30 సెంటీమీటర్లు నేలలోపల, 30 సెంటీమీటర్లు నేలపైన ఉండాలి. పని అయ్యాక బురద గుంటలు పూడ్చాలి. రాత్రికి రాత్రి బండి పెట్టి వెళ్లే వాళ్లు వీటిలో ఒక్కటైనా చేస్తారా?

ప్రహరీకి మూడడుగులు అన్నారు. పాయింటు మీ హద్దులో ఉన్నంతవరకు తప్పు లేదు. కానీ పక్క స్థలానికి మీ నేల ఇచ్చే ఆసరా పోకూడదన్నదీ చట్టమే. కంప్రెసర్ ఊపుకు ప్రహరీ బీటలు వారినా, బోరులోంచి ఎగజిమ్మే తెల్ల బురద ఆయన వాకిట్లోకి పోయినా నష్టపరిహారం అడిగే హక్కు ఆయనకుంది. నీళ్ల మీద లేని హక్కు గోడ మీద ఉంది మరి. పని మొదలయ్యే ముందు రోజు ఆ గోడను రెండు వైపులా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఆయన్నీ తీసుకోమనండి. నాకు తెలిసి సగం గోడ కేసులు 'బీట ముందే ఉంది', 'కాదు, ఇప్పుడే వచ్చింది' అన్న వాదనలే.

రిగ్గు వాళ్లతో ఒప్పందం గురించి మీరు అడగలేదు, కానీ మా ఆఫీసుకు బోరు పేరుతో వచ్చే ఫైళ్లలో ఎక్కువ ఇవే. రేటు అడుగుకు ఇంత అని మొదలై లోతు పెరిగేకొద్దీ స్లాబుల వారీగా పెరుగుతుంది, కేసింగ్ పైపు ఖర్చు వేరు. ఇవన్నీ తెల్లకాగితం మీదైనా సరే రాయించుకోండి: ఏ స్లాబుకు ఎంత, కేసింగ్ ఏ రకం, ఎన్ని అడుగులు, బోరు ఎన్ని ఇంచులు, మధ్యలో రాడ్డు ఇరుక్కుంటే ఎవరి నష్టం. మొదటి రాడ్డు దిగక ముందే దాని పొడవు కొలవండి. తర్వాత దిగిన ప్రతి రాడ్డుకూ గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టండి. మా క్లయింటు ఒకాయనకు 720 అడుగులకు బిల్లు వేశారు. తాడుకు బరువు కట్టి దింపితే 610 దగ్గర ఆగింది. అడిగితే 'అడుగున మట్టి కూలింది సార్' అన్నారు. కావచ్చు, కాకపోవచ్చు. ఆ రాత్రి రాడ్లు లెక్కపెట్టిన వాళ్లెవరూ లేరు. తగాదా పడిన మొత్తంలో సగానికి రాజీ అయ్యాం. డబ్బులిచ్చి చేయించుకున్న పని కాబట్టి వినియోగదారుల జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు వెళ్లాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అయితే బిల్లు ఉండాలి. ఒక్క మాట: నీళ్లు పడకపోవడం సేవాలోపం కాదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూపినాయన మీదైనా, మిషను పెట్టి చూపినాయన మీదైనా 'పడకపోతే డబ్బు వాపసు' అని రాసిస్తే తప్ప కేసు నిలవదు.

నీళ్లు పడ్డాక చేయాల్సినవి కొన్నే. తాగేముందు ల్యాబులో పరీక్ష చేయించండి, ముఖ్యంగా ఫ్లోరైడ్. మన జిల్లాలో ఇది పాత బాధే. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే సోక్‌పిట్ తాగునీటి బోరుకు 18 మీటర్ల దూరంలో ఉండాలంటారు. నాలుగు సెంట్ల జాగాలో అది కుదరదు, కాబట్టి పరీక్ష ఒకసారితో ఆపకండి. వాననీరు నేలలోకి దిగేలా ఇంకుడు గుంత కూడా తవ్వించండి, అది వాల్టా కూడా చెప్పేదే.

ఇక గోనెసంచి. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడలో మూత లేని బోరులో పడి ఏడాదిన్నర పాప చనిపోయింది. అదే ఏడాది ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో పడిన పిల్లాడు ప్రాణాలతో బయటికొచ్చాడు. మీ కేసింగ్ మీద రాయి పెద్దదే కావచ్చు. క్రికెట్ ఆడే పిల్లలకు వికెట్టుగా రాయి కావాల్సి వస్తే మాత్రం అదే పక్కకు జరుగుతుంది. గోనెసంచి రెండు వానలకు చివికిపోతుంది. జరగరానిది జరిగితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల మరణం కేసు మీ మీద పెడతారు. ఐదేళ్ల దాకా జైలు. వీధి పక్కన అయితే ప్రమాదకరమైన బావికి కంచె వేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశించే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 152వ సెక్షన్‌లో ఉంది. ఆ దరఖాస్తు పెట్టే హక్కు మీ పక్కింటాయనకు నిక్షేపంగా ఉంది.

ఆ బోరును ఇక వాడనంటే సుప్రీంకోర్టు చెప్పినట్టు అడుగు నుంచి నేలమట్టం దాకా బంకమట్టి, ఇసుక, గులకరాళ్లతో పూడ్చి, పూడ్చినట్టు సర్టిఫికెట్ తీసుకోండి. వాననీటిని ఇంకించుకోవడానికి ఉంచుకుంటానంటే, మేడ మీది నీళ్లు మాత్రమే, వడపోత గుంత దాటి వెళ్లేలా చేయించండి, వీధి కాలువ నీళ్లు కలవనీయకండి. ఏది చేసినా అది తేలేదాకా కేసింగ్ మూతికి స్టీలు ప్లేటు వెల్డింగ్ చేయించాలి, లేదా నట్లు, బోల్టులతో బిగించే గట్టి మూత పెట్టాలి. వెల్డింగ్ షాపతనికి అది ఒక పూట పని. మీసేవకు వెళ్లే దారిలోనే అతన్ని పిలుచుకు రండి.